ఏడు వరసల సెలరీ

లాంకాస్టర్,
19 ఆగస్టు 1986

చెల్లి ఏరీకి,

నాన్న మోకాలెలా ఉంది, ఆవులు పాలెలా ఇస్తున్నాయి, పీచ్ పళ్ళు జాడీల్లో పెట్టడం అయిందా అని వరసగా అడిగాకే అసలు సంగతికి రావాలని అమ్మ చెప్పేది. అన్నీ అడిగేశాననుకో. నాకు ఆగడం లేదు. ఇవాళ మధ్యాహ్నం నేను మన ఇంటి ముందు నుంచి వెళ్ళాను! నలభైమంది యాత్రికులతో, ఏసీ బస్సులో, చేతిలో మైకు పట్టుకుని.

మా యజమాని దారి మార్చాడు. ఇన్నాళ్ళూ బస్సు పెద్ద రోడ్డు మీదే పోయేది. "కరెంటూ కార్లూ లేకుండా బతికే అసలైన ఆమిష్ వాళ్ళ పొలాలు చూపించండి" అని జనం గొడవ చేస్తున్నారట. అందుకని ఇకమీదట మంగళవారం, శుక్రవారం మన మిల్లు దారిలోనే. ఎనిమిదో తరగతితో ఆపనని, పై చదువులు చదువుతానని ఇల్లు వదిలి వచ్చినదాన్ని. చదివి చదివి చివరికి మన ఇంటినే చూపించుకుని బతుకుతున్నాను చూడు.

పొద్దున్నుంచీ చెబుతా విను. ముందు ఆ పెళ్ళి చేసుకోని అధ్యక్షుడి బంగళా. ఎందుకు చేసుకోలేదని ఆడవాళ్ళంతా అడుగుతారు గానీ దేశాన్ని ఎలా ఏలాడని ఒక్కరూ అడగరు. తర్వాత ఎఫ్రటాలో పాతకాలపు సన్యాసుల మఠం. వినయం నేర్పడానికి గుమ్మాలు పొట్టిగా కట్టారని నేను చెబుతూనే ఉన్నాను, ఒహాయో నుంచి వచ్చిన ఆజానుబాహుడొకడు ఠంగుమని తల కొట్టుకున్నాడు. "వినయం వచ్చిందమ్మా, బొప్పి కూడా వచ్చింది" అన్నాడు. ఆ సన్యాసులు తలకింద చెక్కదిమ్మ పెట్టుకుని పడుకునేవారంటే, మా డ్రైవర్ విల్బర్ "మా ఆవిడ కొన్న దిండు కన్నా మెత్తగానే ఉండుంటుంది" అంటాడు. వెళ్ళిన ప్రతిసారీ అదే జోకు. నేను కొత్తగా విన్నట్టు నవ్వాలి.

ఆ తర్వాత మన పేరు పెట్టి అమ్మే భోజనం, మనింట్లో ఎన్నడూ వండనిది. ఆపైన గుర్రపు బండ్లు చేసే కొట్టు. ఇది పాత మజిలీయే. అక్కడ చక్రాలు చేసే కుర్రాడొకడున్నాడు. ఎవరేమడిగినా అవును, కాదు, తెలీదు, ఈ మూడు మాటలే. నేను ఎలాగోలా నవ్విస్తే మాత్రం చెవుల దాకా ఎర్రబడతాడు. వాణ్ణి నవ్వించకుండా బస్సెక్కకూడదని నా పంతం.

ఇక పొలాల్లోకి వచ్చాక ప్రశ్నలకి అంతుండదు. వీళ్ళు పన్ను కడతారా, కరెంటు లేకుండా ఎలా నిద్రపడుతుంది, గడ్డం లేనివాళ్ళందరికీ పెళ్ళి కానట్టేనా? చెబుతూ చెబుతూ మలుపు తిరిగానో లేదో, మన కొట్టం. కొత్త రేకు కప్పు. తీగ మీద నాన్న నీలం చొక్కాలు. నా నోట మాట ఆగిపోయింది. విల్బర్ మైకు పాడైందనుకున్నాడు.

అప్పుడు తోట కనిపించింది. ఏరీ, ఏడు వరసల సెలరీ! నువ్వూ నాన్నా ఇద్దరే ఉన్న ఇంట్లో! మన వాళ్ళింట్లో ఒక వరస దాటి సెలరీ నాటితే అది ఎందుకో నాకు తెలీదా? మూడొందల మంది పెళ్ళి భోజనానికి కాడలు మీగడలో ఉడికించడానికీ, బల్లల మీద గాజు జాడీల్లో పువ్వుల్లా నిలబెట్టడానికీ కాకపోతే ఏడు వరసలూ ఎవరు తింటారు, మన కంచర గాడిదలా?

నువ్వు పార పట్టుకుని నిలబడి ఉన్నావు. చెయ్యి ఊపాను. చటుక్కున వీపు తిప్పేశావు. సరేలే.

ఎవరే ఆ అబ్బాయి?

మీ అక్క,
లవీనా


మిల్లు దారి,
24 ఆగస్టు, ఆదివారం

లవీనక్కకి,

ప్రభువు పేర పలకరింపు. నిన్న వాన, ఇవాళ ఎండ. వాన వస్తుందని నాన్న మోకాలు ముందురోజే చెప్పింది. వచ్చే వారం పొగాకు కోత. పీచ్ పళ్ళు అయిపోయాయి, చేతులు ఇంకా జిగటగానే ఉన్నాయి.

నేను వీపు తిప్పింది నీకు కాదు, కెమెరాలకి. ఆ నల్లద్దాల వెనక ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది? కారు ఆగగానే ఫోటోలో పడకూడదని ఆరేసిన దుప్పటి వెనక్కి పరిగెత్తేవాళ్ళం కదా మనిద్దరం, అప్పుడే మర్చిపోయావా? అద్దానికి అటువైపు కూర్చుంటే మర్చిపోతారు కాబోలు.

సెలరీ రోడ్డు పక్క కొట్లో అమ్మడానికి. మీ బస్సు జనమే కొంటారు. ఇంట్లో పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. అబ్బాయీ లేడు. అనవసరంగా ఊహించుకోకు.

మన తోట దగ్గర బస్సుని మెల్లగా పోనివ్వకు. ఆ రోజు నుంచి కోళ్ళు బెదిరి గుడ్లు తగ్గించాయి.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. కొత్త కప్పు గురించి రాసిన ముక్క మళ్ళీ చదవమన్నాడు. బాగుందని నువ్వు ఎక్కడా రాయలేదు, కొత్తదని మాత్రమే రాశావు. అయినా మళ్ళీ చదివించుకున్నాడు. మోకాలి వల్ల పొలం పని తగ్గించి, పాత పొగాకు కొట్టంలో కూర్చుని బల్లలు చేస్తున్నాడు.

ఒక్కసారి ఇంటికి రారాదూ? పన్నెండు మైళ్ళే. వారానికి రెండుసార్లు గేటు ముందు నుంచి పోయేదానివి, ఒకసారి దిగితే ఏం?

చెల్లెలు,
ఏరీ


లాంకాస్టర్,
3 సెప్టెంబరు

ఏరీ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ జాబు. నేను ఒక్కమాట అడిగితే నాలుగుసార్లు కాదన్నావు. పెళ్ళి కుదిరిన మన పిల్లలంతా ఇదే పాట కదా! చర్చిలో జంట పేర్లు చదివేదాకా కాదు, లేదు, కొట్లో అమ్మడానికి. ఊళ్ళోవాళ్ళకి చెప్పాల్సిన మాట అది. నాకూ అదే చెప్పావు. నేను కూడా ఊళ్ళోదాన్నేనా?

పోనీ నేనే ఊహిస్తాను. గుర్రపు జీన్లు కుట్టే జూక్ వాళ్ళ రెండోవాడా? వాడైతే మాత్రం నేను ఒప్పుకోను. తింటుంటే చప్పుడు నాలుగు పొలాలకి వినిపిస్తుంది.

ఒక సంగతి వింటే నవ్వుతావు. మా యజమాని మైకులో చెప్పమని ఇచ్చిన కబుర్లలో ఒకటుంది: ఆమిష్ ఇంటికి నీలం గేటు ఉంటే లోపల పెళ్ళీడు పిల్ల ఉన్నట్టట! ఎవడు పుట్టించాడో, ఎన్నేళ్ళుగా చెబుతున్నారో. నాకు ఒళ్ళు మండింది. మన గురించి పచ్చి అబద్ధం నా నోటితో చెప్పలేను. అందుకని నిజం చెప్పాను. గేటు చూడకండి, తోట చూడండి, సెలరీ లెక్కపెట్టండి అన్నాను. సరిగ్గా అప్పుడే మన తోట వచ్చింది. బస్సంతా ఒక పక్కకి ఒరిగింది! "ఏడు! ఏడు!" అని చిన్నపిల్లల్లా అరిచారు. న్యూజెర్సీ ఆవిడొకామె, ఎర్ర నిక్కరు వేసుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. నాకు గర్వమనిపించింది ఏరీ, దాచడం ఎందుకు. నా చెల్లెలి పెళ్ళి నేను పదిమందికీ చాటినట్టనిపించింది. పేరు చెప్పలేదులే.

ఇంటికి రమ్మన్నావు. రాను. అమ్మని మట్టి చేసిన రోజు మర్చిపోలేదు. వంటింటి మూల, పాల బకెట్ల పక్కన చిన్న బల్ల వేసి నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. నేను పట్టుకున్న రొట్టె పళ్ళెం ఎవరూ అందుకోలేదు. బల్ల మీద పెట్టి నేను చెయ్యి తీశాకే తీసుకున్నారు. బాప్తిస్మం తీసుకుని వెళ్ళిపోయినదానికి వెలి తప్పదని నాకూ తెలుసు, ఎవర్నీ తప్పుపట్టను. కానీ అమ్మ వండే ఇంట్లో అమ్మని సాగనంపిన రోజున అలా తిన్నాక, ఇక ఆ ఇంట్లో ముద్ద దిగదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

కప్పు బాగుందని నాన్నతో చెప్పు.

లవీనా


మిల్లు దారి,
14 సెప్టెంబరు, ఆదివారం

అక్కా,

ఎండ. పొగాకు కొట్టంలోకి చేరింది.

నిన్న నేను రోడ్డు పక్క కొట్లో ఉన్నాను. ఎష్ వాళ్ళ ఆవిడ గుడ్ల కోసం వచ్చింది, వెంట మన చర్చి డీకన్ గారి భార్య. ఒక కారు ఆగింది. నీ న్యూజెర్సీ ఆవిడ దిగింది, అదే ఎర్ర నిక్కరుతో. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా పెళ్ళికూతురివి? శుభం తల్లీ! మీ గైడ్ చెప్పింది. ఏడు వరసలూ నేనే లెక్కపెట్టాను!" అంది.

ఎష్ వాళ్ళ ఆవిడ నన్ను చూసింది. డీకన్ భార్య ఆవిణ్ణి చూసింది. నేనేం చెయ్యను? "ఈ ఇంట్లో పెళ్ళేమీ లేదండీ" అన్నాను. అలాగే అనాలి కదా. న్యూజెర్సీ ఆవిడ నా చెంప తట్టి ఒక సొరకాయ కొనుక్కుని వెళ్ళింది.

"బస్సు మీద గైడ్ అంటే మీ అక్కే కదూ?" అంది డీకన్ భార్య.

ఎష్ వాళ్ళ ఆవిడ పుచ్చుకున్న గుడ్లు మళ్ళీ బుట్టలో పెట్టేసి బండెక్కింది.

నేను నీకు ఒక్క ముక్క చెప్పలేదు. అయినా వెలిలో ఉన్న అక్కకి ఇంటి గుట్టంతా ఉత్తరాల్లో రాస్తున్నానని ఇప్పుడు ఊరంతా అనుకుంటోంది. నీ గర్వం నీకు బాగానే ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నీ నీలం గేటు అబద్ధమే నయం అక్కా. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఏరీ


లాంకాస్టర్,
18 సెప్టెంబరు

ఏరీ,

తప్పే. సెలరీ మాట ఎత్తడం మానేశాను. నీలం గేటే చెబుతున్నాను. మలుపు దగ్గర నీలం గేటున్న ముసలి లాప్ గారు డెబ్బై ఏళ్ళ బ్రహ్మచారి. బస్సంతా ఆయన వైపు చూసి చేతులూపుతుంది. ఆయన టోపీ తీసి మరీ పలకరిస్తున్నాడు. అబద్ధం ఎంత హాయిగా ఉందో చూడు.

కానీ నీ జాబులో ఒక మాట గుచ్చుకుంది. గైడ్ మీ అక్కే కదా అని అడిగితే నువ్వేమన్నావో రాయలేదు. అవునన్నావా? తలొంచుకున్నావా? నాకు తెలుసులే. నాలాంటి అక్క ఉండటం ఈడొచ్చిన పిల్లకి ఎంత తలవంపో నాకు తెలీక కాదు. ఎష్ ఆవిడ గుడ్లు వెనక్కి పెట్టేస్తే దానికీ నేనే కారణం అన్నట్టు రాశావు. ఆవిడకి మొదట్నించీ గోధుమరంగు గుడ్లు గిట్టవు.

నీకు పెళ్ళి ఉందో లేదో ఇక అడగను. ఉంటే మాత్రం నేను అడ్డు కాను. నా ఉత్తరం వచ్చినప్పుడల్లా పోస్టు డబ్బా దగ్గర ఎవరు చూస్తున్నారో అని నువ్వు బెదరాల్సిన పని లేదు. ఇదే ఆఖరు. బస్సుని కూడా త్వరగా పోనిమ్మని విల్బర్‌కి చెప్పాను. కోళ్ళు నిమ్మళంగా గుడ్లు పెట్టుకుంటాయి.

నువ్వు బాగుండాలి. అంతే.

లవీనా


మిల్లు దారి,
5 అక్టోబరు, ఆదివారం

లవీనక్కా,

వాతావరణం తర్వాత.

నీ ఉత్తరం చదివి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను. మొన్న శుక్రవారం బస్సు వస్తుందని తోటలో నిలబడ్డాను. వీపు తిప్పలేదు. కెమెరాలుంటే ఉండనీ అనుకుని నేరుగా చూశాను. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. నువ్వు ఏ పక్కన కూర్చున్నావో కూడా తెలీలేదు.

సరే, విను. పెళ్ళి ఉంది. ఉండేది. అబ్బాయి పేరు ఓమర్ ఎష్. గుడ్లు వెనక్కి పెట్టేసిన ఆవిడ కొడుకు. గోధుమరంగు గుడ్లట! నీకెంత తెలివో, అంత గుడ్డితనం కూడానూ. బండ్ల కొట్లో చక్రాలు చేస్తాడు. అవును, కాదు, తెలీదు, ఈ మూడే మాటలన్నావు కదా. నా దగ్గర ఇంకొన్ని ఉంటాయి. నువ్వు ఆగస్టులో అతని గురించి రాసినప్పుడు ఆ కాగితం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో నీకేం తెలుసు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. పేర్లు చదివేదాకా చెప్పకూడదన్నది నియమం, అందుకే మింగాను. నిన్ను ఊళ్ళోదానిలా చూసి కాదు.

కొట్లో ఆ గొడవ అయిన నాలుగో రోజున వాళ్ళమ్మ మనింటికొచ్చింది. వంటింట్లో కూర్చుని నెమ్మదిగానే చెప్పింది. "మీ అక్కకి ఇక ఉత్తరాలు రాయనని ఒక్కమాట ఇవ్వు తల్లీ. అంతే. మిగతాదంతా మర్చిపోతాను" అంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నేను మాట ఇవ్వలేదు. ఒకే బల్ల మీద తినకూడదు, ఆమె చేతి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు, అవన్నీ పాటిస్తున్నాను, రాయకూడదని మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు అన్నాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఓమర్ రావడం లేదు.

ఇప్పుడు అర్థమైందా నాకు కోపం ఎందుకో? వాళ్ళమ్మ ఏది అడిగితే నేను ఇవ్వనన్నానో, అది నువ్వు అడక్కుండానే ఇచ్చేశావు. నా పెళ్ళి పోగొట్టుకుని నిలబెట్టుకున్న దాన్ని నువ్వు నాలుగు ముక్కల్లో తెంపేశావు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక పొద్దున్న లేచి చూస్తే నీ మంచం ఖాళీ. చెప్పకుండా పోయావు. మళ్ళీ ఇప్పుడు కూడా నా మంచి కోసం అంటూ పోతున్నావు. ఎవరడిగారు నిన్ను?

సెలరీకి మట్టి ఎగదోయడం మానేశాను. మట్టి కప్పకపోతే కాడలు తెల్లబడవని తెలుసు. పచ్చగా, చేదుగా అయిపోతుంది. అవనీ. తెల్లబడి ఎవరికి పెట్టాలి?

ఇవాళ మబ్బు. చలి మొదలైంది.

ఏరీ


లాంకాస్టర్,
10 అక్టోబరు, శుక్రవారం

నా ఏరీకి,

నన్ను తిట్టు. ఇంకా తిట్టు. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. అప్పట్నించీ నాకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని ఉంది. నిన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను, గిన్నె మాడిపోయింది. ఓమర్! ఇన్నాళ్ళూ పంతం పట్టి మరీ నేను నవ్వించిన పిల్లాడు! జూక్ వాళ్ళ చప్పుళ్ళరాయుణ్ణి నీకు అంటగట్టాను కూడానూ.

ఇవాళ బస్సు దినం. బంగళాలో ఏం చెప్పానో, మఠంలో ఏం చెప్పానో నాకే తెలీదు. ఆ అధ్యక్షుడికి పెళ్ళి చేసేశానట, విల్బర్ చెప్పాడు. బండ్ల కొట్టు రాగానే జనాన్ని జీన్ల వైపు తోలేసి, నేను నేరుగా చక్రం దగ్గరికి వెళ్ళాను.

"నేను ఏరీ అక్కని" అన్నాను.

"తెలుసు" అన్నాడు. నాలుగో మాట!

"ఎప్పట్నించి?"

"మొదటి రోజునుంచే. మీరూ ఆమే ఒకలాగే నవ్వుతారు."

నాకు ఏడుపొచ్చింది గానీ దానికి టైం లేదు. గబగబా చెప్పాను. మా చెల్లి నాకు ఒక్క ముక్క రాయలేదు బాబూ, అడిగితే లేదనే బుకాయించింది, నేను బస్సు అద్దంలోంచి సెలరీ చూసి కనిపెట్టాను, నోరు ఊరుకోక వాగాను, తప్పు నాది, శిక్ష దానికి వేయకు అన్నాను. చక్రానికి ఆకు బిగిస్తున్న వాడల్లా ఆగాడు.

"ఆమె చెప్పలేదని నాకూ తెలుసు. అమ్మ కోపం కూడా ఎప్పటికైనా పోతుంది. నాది వేరే" అన్నాడు.

"ఏమిటి?"

చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. "మీరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రోజు కూడా మీరు అందరితో కలిసి పాలు పితికారట. ఎవరికీ తెలీలేదట. ఉత్తరాలు మానమంటే ఆమె మానదు. అంటే మనసు అటువైపు ఉందేమోనని. పెళ్ళయ్యాక ఒక పొద్దున్న లేచి చూస్తే…" అంతే, మళ్ళీ మాటలైపోయాయి.

ఏరీ, ఆ భయం నాకు అర్థమైంది. నీ ఖాళీ మంచం అతని దాకా పాకింది. నేను అన్నాను కదా, "నేను వెళ్ళిన ఏడు మా తోటలో సెలరీ ఒక్క వరసే నాటాను. అది కూడా అమ్మ పోరు పడలేక. ఏడు వరసలు నాటిన పిల్ల ఎక్కడికి పోతుందయ్యా?"

అప్పుడే ఎవరో ఆవిడ వచ్చి, ఈ చక్రం గోడకి తగిలించుకునేదేనా అని అడిగింది. అతను "కాదు" అన్నాడు. ఆమెకన్నాడో నాకన్నాడో తెలీలేదు. తల వంచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. విల్బర్ హారను కొడుతున్నాడు. వచ్చేశాను.

మంచి చేశానో, ఉన్నదీ చెడగొట్టానో తెలీదు. నా నోటితో నేను చేసిన మంచి ఇంతవరకూ ఏదీ లేదు. కానీ రాస్తాను. నువ్వు జవాబివ్వకపోయినా రాస్తాను. ఆ సెలరీకి మట్టి ఎగదొయ్యి, నా మాట విను.

నీ అక్క,
లవీనా


మిల్లు దారి,
26 అక్టోబరు, ఆదివారం

లవీనక్కా,

పొద్దున మంచు, ఇప్పుడు ఎండ. ఉత్తరం సగం వంటింట్లో నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నువ్వు శుక్రవారం వెళ్ళావా, ఆ శనివారం అతను రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. ఇక ఆశ వదిలేశాను. సోమవారం పొద్దున కోళ్ళకి గింజలు వేద్దామని వెళితే, సెలరీ వరసలకి మట్టి ఎగదోసి ఉంది. ఏడింటికీ, ఆకుల మెడ దాకా, నున్నగా. నాన్న చేశాడనుకున్నాను. కానీ నాన్న ఆ మోకాలితో వంగలేడు. మట్టిలో అడుగులు చూశాను. బూటు మడమకి మేకు ఊడి ఉంటుంది ఓమర్‌కి, ఎన్నిసార్లు చెప్పినా కొట్టించుకోడు.

మొన్న డీకన్ వచ్చాడు. ఓమర్ కబురు పెట్టాడట. టోపీ ఒళ్ళో పెట్టుకుని "ఇది నీకూ ఇష్టమేనా?" అని అడిగాడు. ఇష్టమే అన్నాను. "మీ అక్కకి రాస్తావటగా?" అన్నాడు. "రాస్తానండీ" అన్నాను. ఆయన టోపీ తలకి పెట్టుకున్నాడు. "రాయడం వేరు, కలిసి తినడం వేరు. రెండోది చెయ్యకు" అని లేచాడు. అంతే అక్కా! ఇంత చిన్న మాట కోసం నేను ఇన్నాళ్ళు నిద్ర మానేశానా?

ఇవాళ చర్చిలో పేర్లు చదివారు. పెళ్ళికూతురు ఆ రోజు ఇంట్లోనే ఉండి, చదవడం అయ్యాక వచ్చే పిల్లాడి కోసం వండాలి కదా. కోడి పొయ్యి మీద పెట్టి కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. గచ్చు తుడిచాను. తుడిచిన గచ్చునే మళ్ళీ తుడిచాను. డీకన్‌తో చెప్పించాడే గానీ నాతో ఇంతవరకూ ఒక్కమాట మాట్లాడలేదు కదా, వస్తాడా, మధ్యలో మనసు మారితే? రోడ్డు మీద ఏ గుర్రం చప్పుడైనా కిటికీ దగ్గరికి పరిగెత్తాను. రెండుసార్లు వేరేవాళ్ళ బళ్ళు.

మూడోసారి అతనే. గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. ఏం చెబుతాడా అని చూశాను. "కోడి మాడుతోంది" అన్నాడు. నిజంగానే మాడుతోంది.

పెళ్ళి నవంబరు 20, గురువారం. నాన్న చర్చిలో లేచి అందర్నీ పిలిచాడట. వాళ్ళమ్మ ఇంకా ముభావంగానే ఉంది. గుడ్లకి మాత్రం మళ్ళీ వస్తోంది.

ఇక నీ సంగతి. వెలిలో ఉన్నవాళ్ళు పెళ్ళికి రాకూడదని లేదు. నువ్వు ఒట్టు పెట్టుకున్నావని నాన్నకి చెప్పాను, పాల బకెట్ల మాటతో సహా. మర్నాడు కొట్టంలో రంపం చప్పుడైంది. వెళ్ళి చూస్తే, పెళ్ళి కోసమని చేసిన పొడుగాటి ఓక్ బల్లని సరిగ్గా మధ్యకి కోసేస్తున్నాడు! నెల రోజుల పని. "నాన్నా!" అని అరిచాను. ఆయన తల ఎత్తలేదు. రెండు ముక్కలకీ కొత్త కాళ్ళు కొట్టాడు. పక్కపక్కన జరిపి, మధ్యలో రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

"ఇది ఒక బల్ల, అది ఒక బల్ల. నేను ఇక్కడ కూర్చుంటాను, మీ అక్క అక్కడ కూర్చుంటుంది. నియమం నియమమే" అన్నాడు.

వంటింట్లో కాదు అక్కా. పెద్ద గదిలో, నేను కూర్చునే పెళ్ళికూతురి మూలకి ఎదురుగా. తల ఎత్తితే నువ్వు కనిపించాలి నాకు. రెండు బల్లల మీదకీ కలిపి గుడ్డ నేను కుట్టాను. ఒకటే గుడ్డ. ఎవరికైనా అనుమానమొస్తే ఎత్తి చూసుకోవచ్చు, కింద సందు ఉంటుంది.

ఒట్టు సంగతి నువ్వే ఆలోచించుకో.

ఏరీ


లాంకాస్టర్,
18 నవంబరు, మంగళవారం

నా చిట్టితల్లి ఏరీకి,

పెళ్ళికి ముందు నీకు చేరే ఆఖరి ఉత్తరం ఇదే. రేపు అందుతుంది. నువ్వు అప్పటికి కోళ్ళ ఈకల్లో మునిగి ఉంటావు, వేరే ఎవరితోనైనా చదివించుకో.

ఇవాళ బస్సు మన ఇంటి ముందు నుంచి వెళ్ళింది. పెరట్లో బెంచీల బండి, కొట్టం ముందు అరడజను గుర్రాలు, సెలరీ తవ్వేసిన ఏడు ఖాళీ చాళ్ళు. బస్సులో ముందు సీటు పెద్దాయన, "అమ్మా, అక్కడ ఏం తవ్వారు?" అని అడిగాడు. ఊరందరికీ తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పినా తప్పు లేదు. నోటి దాకా వచ్చింది. "ఏదో కూరపంట లెండి" అన్నాను. మైకు పెట్టేసి, అద్దానికి నుదురు ఆనించి, నాన్న కొట్టం కప్పు కనపడినంతసేపూ చూశాను. విల్బర్ నేను అడక్కుండానే మెల్లగా పోనిచ్చాడు.

గురువారం సెలవు పెట్టాను. కారు మలుపు దగ్గర ఆపి నడిచి వస్తాను. నల్ల గౌను ఒకటి కుట్టించుకున్నాను, మరీ బయటివాళ్ళలా, ఇంగ్లీషు దానిలా కనపడకుండా. ఒట్టు సంగతి అడిగావు. పాల బకెట్ల పక్కన తిననని పెట్టుకున్నాను గానీ, నాన్న పక్కన తిననని పెట్టుకోలేదు.

నాన్న బల్ల కోశాడన్న ముక్క నేను ఎన్నిసార్లు చదివానో అడక్కు.

ఒక్క కోరిక. మీగడ సెలరీ గిన్నె బల్లంతా తిరిగి వస్తుంది కదా, నాకు మాత్రం అందరి తర్వాత ఇప్పించు. నియమం నియమమే. నా చేతిలోకి వచ్చిన గిన్నె ఇంకెవరూ అందుకోరుగా. అడుగున ఎంత మిగిలితే అంతా నాదే.

నీ అక్క,
లవీనా